దాసన్న ముఠా ఆదివారాలు

ఎర్రగుంట్ల దగ్గరి ఒక సిమెంటు ఫ్యాక్టరీలో సుచరితను అందరూ సర్వరమ్మ అనేవారు. 2008లో అక్కడ రెండో బట్టీ కట్టడం మొదలైంది. ఏ పని ఎప్పుడు ముగియాలి, ఎవరు ఎన్ని గంటలు చేశారు, ఎంత వెనకబడ్డారు, అన్నీ ఒక సర్వర్ చూసుకుని తెర మీద గీతలుగా చూపించేది. దాన్ని కనిపెట్టుకుని ఉండటమే ఆమె ఉద్యోగం. ప్రొద్దుటూరులో బట్టల అంగడి నడిపే తండ్రి కేశవయ్యకు కూతురు చేసే పనేమిటో ఎంత చెప్పినా తలకెక్కలేదు. "ఏసీ రూములో మిషన్‌కు కాపలా" అని బంధువులకు చెప్పి ఊరుకునేవాడు. అందులో అబద్ధం మాత్రం ఏముంది?

గేటు దగ్గర పడే హాజరును సర్వర్‌కు చేరవేసే ప్రోగ్రాం మాత్రం సుచరిత సొంతంగా రాసింది. అదంటే ఆమెకు కాస్త గర్వం కూడా.

మూడు నెలలు తిరిగేసరికి తెర మీద ఒక గీత ఎర్రబడింది. దాసన్న మేస్త్రీ ముఠా పన్నెండు రోజులు వెనకబడిందట. ఆదోని వైపు పల్లె నుంచి ఇరవై మందితో వచ్చిన పెద్దాయన దాసన్న. వచ్చే మంగళవారం ఆ ముఠాను పంపించేయాలని ప్రాజెక్టు మేనేజరు రాఘవేంద్రప్రసాద్ తేల్చేశాడు. సుచరితకు మనసొప్పలేదు. కిటికీలోంచి చూస్తే వాళ్లు కట్టే గోడ నిలువెత్తు లేచింది, తెర మీది లెక్కలో ఇంకా నడుమెత్తు దాటలేదు. సర్వర్‌కు గోడ కనిపించదు కదా, దానికి తెలిసింది గంటలే.

ఆఫీసులో ఎవరూ ఉండరని ఆదివారం వచ్చి, సర్వర్‌ను ఆపి, మళ్లీ లేపి, అది రాసుకున్న చిట్టాలన్నీ తిరగేసింది. ఒక్క తప్పూ దొరకలేదు. విసుగొచ్చి బయటికి వస్తే ఎదురుగా ముఠా మొత్తం పనిలో ఉంది.

"ఏం దాసన్నా, ఆదివారం గూడా పనేనా?"

"మాకిది మామూలే గదమ్మా. సోమవారం బసవన్న దినం. మా ఊర్లల్లో ఎద్దులకు కాడి కట్టరు, మేమూ తాపీ ముట్టం. ఆ పని ఆదివారం చేస్తాండాం."

సుచరితకు అప్పుడు వెలిగింది. ఆదివారం హాజరు పడితే ఎవరో పొరపాటున వేసి ఉంటారని, తీసిపారేయమని ప్రోగ్రాంలో రాసింది తనే. సోమవారాలేమో గైర్హాజరు, ఆదివారాలేమో చెత్తబుట్ట పాలు. వారానికో రోజు వీళ్ల కష్టాన్ని మింగింది సర్వర్ కాదు. ఆ మిషన్ పాపం మొదటినుంచీ చెప్పినట్టే విన్నది.

సోమవారం పొద్దున్నే మేనేజరు ముందు కూర్చుని, తప్పు తనదేనని చెప్పి, పారేసిన ఆదివారాలన్నీ గేటు రికార్డులోంచి తీసి తిరిగి చేర్చింది. ఎర్ర గీత పచ్చబడింది. ఆయన ముఠాను పంపించేసే కాగితం తీసి చింపేశాడు.

"ముఠా ఉంటుందిలే. కానీ రిపోర్టులో సర్వర్ చెడిందని రాస్తే పోయేదానికి నీ పేరెందుకమ్మా? పైవాళ్లు ఊరుకోరు."

"చెడింది నా ప్రోగ్రాం సార్. అదే రాయండి."

పైవాళ్లు నిజంగానే ఊరుకోలేదు, తర్వాత ఆమెకు మెమో వచ్చింది. అయితే ఆ రోజు ఆమెకు అంతకంటే కష్టమైన పని ఇంకొకటి ఉండింది. మేనేజరు గదిలోంచి నేరుగా కూలీల రేకుల షెడ్ల దగ్గరికి నడిచింది. దాసన్న, ఆయన భార్య హులిగెమ్మ గుమ్మం ముందు కూర్చుని ఉన్నారు. తప్పు తనదని మొత్తం చెప్పి, తిట్లకు సిద్ధపడి నిలబడింది.

"అంటే... మేం వెనకబడలేదామ్మా?" అన్నాడు దాసన్న.

"ఒక్క దినం గూడా లేదన్నా."

హులిగెమ్మ కొంగుతో కళ్లొత్తుకుంది. "వెనకబడినారు, వెనకబడినారు అని రోజూ ఆఫీసోళ్లంటాంటే, తనకే చేతగాకుండా పోయిందనుకున్నాడమ్మా. ఈ పనితో చాలిస్తాను, ఊరికి పోదామంటాండాడు."

దాసన్న సిమెంటు కొరికేసిన తన రెండు చేతులూ చాపి, కొత్తవేవో చూసినట్టు వాటినే చూసుకున్నాడు.

"అయితే ఇవి బాగానే ఉండాయా?"

"శానా బాగుండాయన్నా" అంటూ ఆ చేతులు పట్టుకుని సుచరిత ఏడ్చేసింది.