టీచరు గారు నిలబడిన ఈస్టరు

మొన్న బుధవారం పొద్దున్న మా పక్కింటి టీచరు గారు పోయారు. వాళ్ళ చెల్లెలు ప్రహరీ దగ్గరికి వచ్చి, "అక్క ఇక లేదండీ" అంది. గుణదలలో మా వీధి మొదట్లో కట్టిన ఫ్లెక్సీ మీద 'ప్రభువునందు నిద్రించారు' అని వేయించారు. అది చూసినప్పుడల్లా నాకు ఉక్రోషం వస్తోంది. పొద్దెక్కేదాకా పడుకునేవాళ్ళంటే ఒళ్ళు మండే మనిషి ఆవిడ.

బడిలో డ్రిల్లు టీచరుగా చేసి రిటైరయ్యారు. వంగి నడిచేవాళ్ళు ఎవరు కంటపడినా, "నడుం నిలబెట్టమ్మా, దేవుడు ఊరికే ఇవ్వలేదు" అనేవారు. గూనిగా కూర్చుని కూరలు తరుగుతున్నానని నాకూ చీవాట్లు పడ్డాయి.

అలాంటి మనిషికి రొమ్ము క్యాన్సరు వెన్నెముకకు పాకింది. కుర్చీలోంచి లేవాలంటే కళ్ళనీళ్ళు తిరిగేవి. ఆపరేషన్ అక్కర్లేదనగానే డాక్టర్లు చేతులెత్తేశారని చుట్టాలు అనుకున్నారు.

డాక్టరు గారు ఆవిడకే నెమ్మదిగా చెప్పారు. "జబ్బు పూర్తిగా పోదమ్మా. రేడియేషన్ ఇస్తే నొప్పి తగ్గుతుంది. ఎముక గట్టిపడటానికి సెలైన్లో మందు ఎక్కిస్తాం."

"ఈస్టరుకి నిలబడగలనా అండీ?" అని అడిగారు ఆవిడ.

చర్చిలో పూజ మధ్య సువార్త చదివేటప్పుడు అందరూ లేచి నిలబడతారు. తానొక్కతే కూర్చుని వినడం ఆవిడకు తలవంపులుగా ఉండేది. జబ్బుమనుషులు కూర్చోవచ్చని ఫాదరు గారే అన్నారు కదండీ అని నేనంటే, "ఆయన అన్నారమ్మా, నా మనసొప్పద్దూ?" అన్నారు.

రేడియేషన్ ఎక్కడ పడాలో గుర్తుగా వీపు మీద సిరాతో గీతలు గీసి, చెరపొద్దన్నారు. హనుమాన్ జంక్షన్ నుంచి సాయానికి వచ్చిన చెల్లెలికి ఆ సంగతి ఎవరమూ చెప్పలేదు. అక్కకు హాయిగా ఉంటుందని సున్నిపిండితో వీపంతా శుభ్రంగా తోమేసింది. మర్నాడు ఆసుపత్రిలో, "గీతలేవండీ?" అని టెక్నీషియన్ అడిగేసరికి చెల్లెలి మొహం పాలిపోయింది.

"నేనే తుడిపించానండీ" అన్నారు టీచరు గారు. "బడిలో పనిచేసినదాన్ని. గీత కనపడితే తుడవకుండా ఉండలేను."

గీతలు మళ్ళీ గీశారు గానీ ఆ రోజు వైద్యం తప్పిపోయింది. తిరిగి వస్తుంటే బెంజ్ సర్కిల్ దగ్గర సిగ్నల్ పడి కారు ఆగింది. వెనక సీట్లో చెల్లెలు ఏడుపు ఆపుకోలేకపోయింది. "ఊరుకోవే. నీ చేత్తో వీపు తోమించుకుని ఎన్నేళ్ళయిందో" అన్నారు ఆవిడ.

రేడియేషన్ మొదలెట్టిన కొత్తలో నొప్పి పెరిగినట్టే అనిపించింది. నొప్పికి ఇచ్చిన మార్ఫిన్ బిళ్ళ వేసుకుంటే మత్తుకు అలవాటు పడుతుందేమోనని చెల్లెలు భయపడింది. "డాక్టరు గారు చూసుకుంటారులే, ఇలా తే" అని ఆవిడే అడిగి వేసుకున్నారు. తర్వాత మెల్లగా తెరిపిన పడ్డారు.

ఆ వైద్యం ఆవిడను మాకు మిగల్చలేదు. అయినా దానికి దణ్ణం పెడతాను, ఈస్టరు రోజు నేను పక్కనే ఉన్నాను కాబట్టి. సువార్తకు అందరూ లేచారు. ఆవిడ ముందున్న బెంచీ పట్టుకుని లేచారు. నేను చెయ్యి అందించబోతే చెల్లెలు నా మణికట్టు పట్టుకుని ఆపేసింది. కాసేపటికి టీచరు గారు బెంచీ వదిలేశారు.

చదవడం అయిపోయింది. ప్రసంగానికి అందరం కూర్చున్నాం. ఆవిడ మాత్రం ఇంకా నిలబడే ఉన్నారు.