గంట బొమ్మ

"రెండు నిమిషాల పని" అనే మాట వింటే నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది. మా ఆఫీసులో ఐకాన్లు, అంటే స్క్రీన్ మీద నొక్కే చిన్న బొమ్మలు, చేయడాన్ని అట్లాగే అనేవారు. బొమ్మను కన్వర్టర్‌లో పడేయ్, ఐకాన్ ఫైలు బయటికొస్తుంది, పంపెయ్. అంతేనట. ఎంత పెద్ద బొమ్మనైనా చివరికి అడ్డం పదహారు గడులు, నిలువు పదహారు గడులకు కుదించి చూడండి, అప్పుడు తెలుస్తుంది. ఏనుగును వేస్తే ఉల్లిగడ్డ కనిపిస్తుంది. ఏ గడి ఉంచాలో ఏ గడి తీసేయాలో మనిషి కూర్చుని తేల్చాలి తప్ప కన్వర్టర్‌కు ఏం తెలుస్తుంది?

మా ఆఫీసు కండ్లకోయలో, హైవే పక్కన మూడో అంతస్తులో ఉంటుంది. ఆ దగ్గర్లోని ఒక ఇంజనీరింగ్ కాలేజీకి మేమే సాఫ్ట్‌వేర్ చేసిపెట్టాం. మా మేనత్త ఆ కాలేజీలోనే ఆయమ్మ. మేడ్చల్ నుంచి రోజూ షేర్ ఆటోలో వచ్చేది. వరండాలో వేలాడే గుండ్రటి ఇత్తడి గంటను సుత్తితో కొట్టడం చాలా ఏళ్లు ఆమె పని. తర్వాత గంట కంప్యూటర్‌లోకి వెళ్లింది. పరీక్షలనీ సభలనీ వేళలు మారుతుంటాయి కాబట్టి, దాన్ని నొక్కడానికి మనిషి కావాల్సి వచ్చింది. ఆ కుర్చీ అత్తకే ఇచ్చారు. అత్తకు ఇంగ్లీషు రాదు. అయినా స్క్రీన్ మీద మూడే బొమ్మలు: గంట, మైకు, అగ్నిప్రమాదం సైరన్. ఒక్కనాడూ తప్పు నొక్కలేదు. ఆ కుర్చీలో కూర్చున్నాక అత్త నడకే మారిపోయింది, తోడబుట్టినవాడు కదా, మా బాపు ఎగతాళి కూడా చేసేవాడు.

ఒకరోజు నేను ఆ గంట స్క్రీన్ తెరిచి ఉండగా మా మేనేజర్ వచ్చి నా వెనక నిలబడ్డాడు. కోస్తా నుంచి వచ్చి తూంకుంట కొత్త లేఅవుట్‌లో ఇల్లు కట్టుకున్న మనిషి. ప్రతిదీ ఆయన ఇంటి గోడల్లా నున్నగా ఉండాలి.

"ఏంటమ్మా ఈ బొమ్మలు? ఎల్‌కేజీ వాచకంలా ఉన్నాయి. మూడింటికీ కాలేజీ లోగోనే పెట్టెయ్. నీలం మీద తెల్లక్షరం. రెండు నిమిషాల పని."

పెట్టేశాను. అత్త గుర్తుకు రాలేదా అంటే వచ్చింది. బొమ్మ కింద పేరుంటుంది కదా అనుకున్నాను. ఆ పేరు ఇంగ్లీషులో ఉంటుందని తెలిసే అనుకున్నాను. పైగా నీలం భలే కుదిరిందని మురిసిపోయాను. కొత్తవి ఎక్కించినప్పుడు వాటి వరుస కూడా మారింది, అదీ పట్టించుకోలేదు.

వారం తిరగకముందే ఒక సాయంత్రం అత్త మా ఇంటికి వచ్చి గడప దగ్గరే కూలబడింది.

"మూడు బొమ్మలు ఒక్క తీర్గనే ఉన్నయ్ బిడ్డా. ఎప్పటిలెక్క మొదటిదే గంటనుకొని నొక్కిన. సైరన్ లేసింది. పరీక్ష రాస్తున్న పోరగాండ్లంత కాయితాలు ఇడిసిపెట్టి గ్రౌండ్‌లకు ఉరికిండ్రు. అంత ఆగమాగం."

బాపు ఫక్కున నవ్వాడు. అత్త నవ్వలేదు.

"మా కాలేజీ ఆఫీసరు సారు అందరి ముంగటనే అన్నడు, సదువు రానోళ్లను కంప్యూటర్ ముంగట కూసోబెడితే గిట్లనే ఉంటదని. ఇగ రేపటి సంది సీపురు వట్టుమన్నడు." చెప్పులు విడుస్తూ, "నిజమే గదనే, నాకు సదువు రాకపాయె" అంది.

ఆ చివరి మాటకు నాకు వచ్చిన కోపం ఇంతా అంతా కాదు. ఆఫీసరు మీద, మేనేజర్ మీద, తప్పు తనదేనని నమ్మేసిన అత్త మీద కూడా. అందరికంటే ఎక్కువ నా మీద. అక్కడే నోరు తెరిచి చెప్పాల్సింది. మంచినీళ్లు తెచ్చే వంకతో లోపలికి వెళ్లిపోయాను.

బొమ్మలు మళ్లీ వేరువేరుగా పెడదామని మర్నాడు మేనేజర్‌ను అడిగాను. "ఒక్క ఆయమ్మ కోసం డిజైన్ మార్చుకుంటామా అమ్మా?" అన్నాడు నవ్వుతూ.

"సదవొచ్చినోళ్లకైతే పేరు రాస్తే సరిపోతది గద సార్. బొమ్మ పెట్టేదే సదవరానోళ్ల కోసం!"

నా గొంతు ఎంత లేచిందో నాకు తెలియలేదు. ఆఫీసంతా తలలెత్తి చూసింది. ఆయన నవ్వు మాయమైంది. "సరే, నీ ఇష్టం. దాని మీద రోజంతా కూర్చోకు" అని వెళ్లిపోయాడు.

రోజంతా కూర్చున్నాను. అత్త మీద కోపం దుత్త మీద అన్నట్టు నా కోపమంతా ఆ మౌస్ మీద చూపించాను. ఈసారి నెట్‌లో దొరికే గంట కాదు, అత్త కొట్టిన గంటే వేయాలనుకున్నాను. కన్వర్టర్ ఒక పచ్చటి ముద్దను నా మొహాన కొట్టింది. దాన్ని పారేసి గడి గడీ నేనే నింపాను. మెరుపు తీసేశాను, తాడు తీసేశాను. గుండ్రటి ఇత్తడి బిళ్ల, పక్కన ఏటవాలుగా సుత్తి మిగిలాయి. మైకు నలుపు, సైరన్ ఎరుపు. ముందు ఆ చిన్న బొమ్మలే కుదిర్చి, పెద్ద సైజులన్నీ ఆ తర్వాతే చేశాను.

ఐకాన్లు సరిచేయాలని చెప్పి కాలేజీకి వెళ్లాను. అవి మార్చాక ఆఫీసరుతో, "తప్పు మాది సార్, ఆమెది కాదు" అన్నాను. ఆయన నమ్మినట్టు లేదు. అత్తను పిలిపించాడు. చీపురు గోడకు ఆనించి, కొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చింది.

"ఏది గంట? సూపెట్టు" అన్నాడు చేతులు కట్టుకుని. చిన్నపిల్లను అడిగినట్టు అడిగాడు. పళ్లు బిగబట్టుకుని నిలబడ్డాను.

అత్త వంగి చూసింది. "గిది నా గంటనే! గిది మైకు. గా ఎర్రది సైరన్."

"సరే, కూసో" అని ఆఫీసరు వెళ్లిపోయాడు. క్షమించమన్న మాట ఒక్కటి లేదు. అత్త కుర్చీలో కూర్చుని ఆ బొమ్మను మళ్లీ చూసింది.

"ఎవలు గీసిండ్రే దీన్ని?"

"నేనే."

"మరి ముందటి బొమ్మను తీసేసిందెవలు?"

"నేనే అత్తా."

అత్త నావైపు తిరగలేదు. గోడ గడియారం చూసి, మౌస్ మీద చెయ్యి వేసింది.

"నీ సంగతి ఇంటికాడ జెప్త. పక్కకు జరుగు, గంట టైమైంది."

పక్కకు జరిగాను.