కుడిచేతి వాచీ

వీధిలో అందరూ ఆమెను టైలరక్క అనే పిలుస్తారు. అమ్మ పోయాక తమ్ముణ్ణి పెంచింది ఆమే. కలప మిల్లులో రంపం కింద వాడి ఎడమచెయ్యి మోచేతి దాకా పోయినప్పుడు, ఒంటిచేత్తో గుండీలు పెట్టుకోవడం అలవాటయ్యేదాకా చొక్కాలకు కాజాలు కాస్త వదులుగా కుట్టిపెట్టింది. ఇప్పుడు అదే మిల్లులో వాడిని మేస్త్రీని చేశారు. మంచి వాచీ కొనిపెడదామని అక్క బయల్దేరింది.

ఎలాంటిది కావాలో ముందే ఆలోచించుకుంది. చక్రాలు తిరిగే యంత్రమంటే వాడికి చిన్నప్పటినుంచీ ప్రాణం, అందుకని బ్యాటరీది వద్దు. రోజూ కీ ఇచ్చేదైతే, పెట్టుకున్న చేత్తోనే కీ ఎలా తిప్పుతాడు? చెయ్యి కదులుతుంటే దానంతటదే కీ ఎక్కే ఆటోమేటిక్ వాచీయే సరి.

షాపులో సేల్స్‌మన్ సంగతంతా ఓపిగ్గా విన్నాడు. విని, జాలిగా తలూపాడు.

"చెయ్యి లేనాయనకి వాచీ ఎందుకమ్మా? గోడ గడియారం చూపించనా?"

ఆమెకు ఒళ్లు మండిపోయింది. "చెయ్యి లేదని ఎవరన్నారు? కుడిచెయ్యి ఉంది. మిల్లు పనంతా దాంతోనే చేస్తున్నాడు. ఆటోమేటిక్‌వి తియ్యండి."

అతను అయిష్టంగానే తోలుపట్టీ వాచీలు నాలుగు తీసి, బకిల్ ఇంట్లోవాళ్లు పెడతారులెమ్మన్నాడు. ఆమె ఎడమచెయ్యి వీపు వెనక్కి పెట్టుకుని, కుడిచేత్తో ఒక్కొక్కటీ పెట్టుకోబోయింది. పట్టీ జారిపోయేది, వాచీ బల్లమీద పడేది. అతను జాగ్రత్త జాగ్రత్త అంటున్నాడు. పక్కవాళ్లు ఇటు తిరిగి చూస్తున్నారు. చూడనీ అనుకుంది. చివరికి సాగే స్టీలు చైనున్నది ఒకటి దొరికింది. వేళ్లు ముడిచి అందులోకి దూర్చి, చైను అంచు పళ్లతో పట్టి లాగితే మణికట్టు మీదికి ఎక్కి కూర్చుంది.

"ఇదివ్వండి."

పంటిగాట్లు పడ్డాయేమోనని అతను మొహం చిట్లించి గుడ్డతో తుడిచాడు. అదీ ఆమె చూసింది.

ఇంటికొచ్చి జరిగింది చెబితే తమ్ముడు నవ్వేశాడు. పోనీలే అక్కా, తెలీక అనుంటాడన్నాడు.

"తెలీకపోతే అడగాలి. గోడకి తగిలించుకోమంటాడా?" అంటూ వాచీ వాడి చేతిలో పెట్టింది.

వాడి నవ్వు ఆగిపోయింది. వేళ్లు ముడిచి, పళ్లతో లాగి వాచీ పెట్టుకున్నాడు. చెవి దగ్గర పెట్టుకుని చాలాసేపు విన్నాడు.

"భలే నడుస్తోందక్కా," అన్నాడు మెల్లగా.

ఆమె అప్పటికే మిషను ముందు కూర్చుని, ఇంకా కోపం తగ్గక, చేతిలో ఉన్న చొక్కాకి చెయ్యి వంకరగా కుట్టేసి, తిట్టుకుంటూ విప్పుతోంది.