పక్కగది కంప్యూటర్ల కరెంటు

మా చర్చి పక్కగదిలో సాయంత్రాలు ఆడపిల్లలకు కంప్యూటర్ నేర్పేదాన్ని. జీతం లేదు, నేను అడగనూ లేదు. అవి ఏదో ఆఫీసువాళ్ళు వద్దనుకుని ఇచ్చేసిన పాత కంప్యూటర్లు. లాలాగూడ, మౌలాలి వైపు నుంచి పిల్లలు షేర్ ఆటోల్లో వచ్చేవాళ్ళు. వాళ్ళలో ఒకమ్మాయి టైపింగ్ పరీక్ష నెగ్గితే ఆస్పత్రి బిల్లింగ్ కౌంటర్‌లో ఉద్యోగం ఇస్తామన్నారు. ఇంట్లో కంప్యూటర్ లేదు, వాళ్ళమ్మ ఆశంతా మా గది మీదే. అలాంటప్పుడు చర్చి కమిటీవాళ్ళు కరెంటు బిల్లు పెరిగింది, క్లాసు మూసేస్తామన్నారు. ఒక్క నెల ఆగమని బతిమాలాను.

ఆ నెలంతా పిల్లలూ నేనూ కరెంటు ఆదా మీదే పడ్డాం. తెరల వెలుగు తగ్గించాం. కాసేపు ఎవరూ ముట్టుకోకపోతే తెర ఆరిపోయేలా, ఆ తర్వాత కంప్యూటరే నిద్రలోకి వెళ్ళేలా పెట్టాం. ఇళ్ళకు వెళ్ళేముందు గోడ దగ్గర స్విచ్చులు కూడా కట్టేసేవాళ్ళం. అన్నిటికంటే ముందు నేను చేసిన పని స్క్రీన్ సేవర్ తీసేయడం. మా చర్చి సంఘ కార్యదర్శి, రిటైరైన పెద్దాయన, ప్రతి తెర మీదా కొవ్వొత్తి వెలుగుతూ బైబిల్ వాక్యం కదిలేలా ఒకటి పెట్టించారు. అది నడిచినంతసేపూ తెర ఆరదు. ప్రార్థనకొచ్చేవాళ్ళకు కనిపించాలని పొద్దున్నే అన్నీ వేసి వెళ్ళేవారు. గదిలో మనిషన్నవాడు లేకపోయినా రాత్రిదాకా వెలిగేవి. ఆయన ఊళ్ళో లేని నెల కాబట్టి నా ఆటలు సాగాయి.

బిల్లు బాగా తగ్గింది. మంచి పని చేశావని ఒక్కరూ అనలేదు. ఆయన తిరిగొచ్చిన ఆదివారం నల్లటి తెరలు చూశారు.

"వాక్యం తీసేయడానికి నువ్వెవరమ్మా?" అన్నారు, అందరి ముందూ.

బిల్లు సంగతి చెప్పబోతే, దేవుడి దగ్గర లెక్కలేంటని కసిరారు. పక్కనే ఉన్న పాస్టరు అయ్యగారు బైబిలు చంకన పెట్టుకుని బయటికి నడిచారు. మర్నాటికల్లా కొవ్వొత్తులు మళ్ళీ వెలిగాయి.

తర్వాతి బిల్లు పెరగక ఏమవుతుంది? కమిటీ కూర్చుంది. పిల్లలు కరెంటు తగలేస్తున్నారన్న పెద్దమనిషి ఎవరో కాదు, ఆ కార్యదర్శే. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"వాక్యం గోడ మీద రాయించండి అంకుల్. పెయింటుకు కరెంటు అక్కర్లేదు," అన్నాను.

ఒకరిద్దరు తల దించుకుని నవ్వారు. చేతులెత్తమన్నప్పుడు మాత్రం వాళ్ళూ ఆయన వైపే ఎత్తారు. సిగ్గులేని జనం. క్లాసు మూసేయాలట, కంప్యూటర్లు మాత్రం వాక్యం కోసం అలాగే ఉంచాలట. ఇప్పటికీ తలుచుకుంటే నా ఒళ్ళు మండిపోతుంది.

ఆ సాయంత్రం తాళం వేసిన తలుపు ముందే నిలబడి పిల్లలకు చెప్పాను. టైపింగ్ పరీక్ష వారం రోజుల్లోకి వచ్చేసిన ఆ అమ్మాయి నన్ను తిట్టినా పడేదాన్ని. తిట్టలేదు. కిటికీలోంచి వెలుగుతున్న తెరలను కాసేపు చూసి, తప్పు తనదే అన్నట్టు మెల్లగా అడిగింది.

"మేం ఇంకా జెర తక్కువ వాడితే ఉంచెటోళ్లా మేడం?"