టపాలపేట మంచినీళ్ల బావి

2003 ఫిబ్రవరిలో ఒక ఆదివారం, ఉదయం 6.40కి ఆమదాలవలసలో పాసింజరు ఎక్కాను. రైళ్లు లేని రోజుల్లో సముద్రం వెంబడి గంజాం వైపు టపా మోసిన బాటలో టపాలపేట అనే మజిలీ ఉండేదనీ, ఇప్పుడక్కడ మనుషులు లేరనీ విన్నాను. పాత టపా బాటలు నడిచి చూసి రాసుకోవడం నాకు పదేళ్లుగా అలవాటు.

8.50కి పూండిలో దిగి, ఇడ్లీ తిని, నలభై రూపాయలకు ఆటో మాట్లాడుకున్నాను. ఊరి పేరు చెప్పగానే డ్రైవరు నవ్వాడు.

“ఎవులికి మేష్టారూ, దెయ్యాలకి మనియార్డరు అట్టుకెళ్తన్నారేటి?”

అలా నవ్వినవాడే జీడితోటల చివర ఆటో ఆపేశాడు. ముందుకు రానన్నాడు. పన్నెండింటికి అక్కడికే వచ్చి ఎక్కించుకుంటానని చెప్పి వెనుదిరిగాడు.

10.05కి ఊరు చేరాను. ముప్పై రెండు ఇళ్లు లెక్కకు వచ్చాయి. తలుపులూ, ద్వారబంధాలూ, దూలాలూ ఊడదీసుకుని పోయారు. రుబ్బురోళ్లు మాత్రం వాకిళ్లలో మిగిలాయి. గాలికి జీడాకులు గదుల్లో దొర్లుతుంటే లోపల ఎవరో నడుస్తున్నట్టే ఉంది. రెండుసార్లు వెనక్కి చూశాను. మూడోసారి చూసేసరికి నిజంగానే ఒక మనిషి నిలబడి ఉంది.

అరవై ఏళ్ల ఆడమనిషి, నెత్తిన ఊరి బావి నీళ్ల బిందె. పేరు నీలమ్మ, సముద్రం మీద చేపల వేటకు వెళ్లే కుటుంబం. ఊరంతా మూడు కిలోమీటర్ల అవతల కాలనీకి తరలిపోయిందట. నేనెవరినో ఆమె అడగలేదు. బిందె దించి, చెంబుతో ముంచి ముందు నీళ్లిచ్చింది. పూర్వం టపా మోసేవాడి గజ్జెల చప్పుడు వినబడగానే నీళ్లతో ఎదురు వెళ్లేవారట. అప్పటినుంచీ ఈ బాటన ఎవరొచ్చినా నీళ్లు తాగాకే మాట. కాదంటే ఊరిని కాదన్నట్టే. చుట్టూ ఉప్పునీళ్ల మధ్య ఈ ఒక్క బావి నీళ్లే తియ్యనివి కాబట్టి టపావాళ్లు ఇక్కడ ఆగారు; వాళ్లు ఆగారు కాబట్టి ఊరు పుట్టింది. రెండు చెంబులు తాగాను.

ఆ తర్వాత, ఊరెందుకు ఖాళీ అయిందని అడిగాను.

ఆమె ఇళ్లు చూపిస్తూ చెప్పింది. ఈ ఇంట్లో అన్నదమ్ములిద్దరు, ఆ ఇంట్లో తండ్రీ కూతురూ చనిపోయారు. ముందు కాళ్లు పొంగుతాయి, తరవాత అన్నం సయించదు, కిడ్నీలు పోయాయని పట్నం ఆస్పత్రిలో చెబుతారు. ఈ ఉద్దానం ప్రాంతంలో ఎన్నో ఊళ్లను పట్టిన జబ్బే. కారణం ఎవరూ తేల్చలేదు. ఇక్కడివాళ్లు బావిని అనుమానించి ఊరు వదిలేశారు.

నా చేతిలో చెంబు ఇంకా తడిగానే ఉంది. మరి ఈ బిందె ఎవరికని అడిగాను. భర్తకట. ఆయన కాళ్లూ పొంగాయి. కాలనీ బోరునీళ్లు నోట పెట్టలేక, ఇవి తప్ప తాగడట.

“సదువుకున్నోరు గదా బాబూ, సెప్పండి. ఇయ్యి మానిపించీమంతారా? మానిపిత్తే దాహంతో పోతాడని బయం. ఇత్తే నానే సంపేత్తన్నానేమోనని బయం.”

నాకు తెలియదని చెప్పవలసింది. కానీ అవే నీళ్లు రెండు చెంబులు నేనూ తాగి ఉన్నాను.

“మానిపించమ్మా” అన్నాను.

నీలమ్మ బిందెను ఇసుకలోకి వంచేసి, చంకన పెట్టుకుని కాలనీ వైపు నడిచింది. నేను ఆటో కోసం దాదాపు పరుగెత్తాను.

1.40కి పూండిలో తిరుగు పాసింజరు దొరికింది. ఎదుటి సీటాయన పులిహోర ఇవ్వబోతే వద్దన్నాను. చెప్పులు విడిచి, పాదాలు వేలితో నొక్కి చూసుకున్నాను. ఆ బాటన వెళ్లేవారికి పనికొస్తాయని దూరాలూ వేళలూ రాసుకుంటూ, నీళ్లు వెంట తీసుకువెళ్లమని కూడా రాయబోయి ఆగాను. నేను నీలమ్మకు చెప్పింది తెలిసి చెప్పిన మాట కాదు, భయపడి చెప్పిన మాట. రైలు నౌపడ దాటింది. ఈపాటికి ఆమె ఇల్లు చేరి ఉంటుంది. ఆయన నీళ్లు అడిగి ఉంటాడు.