పడవ అడుగున మంట

మంగళవారం సాయంత్రం. ఉన్నవాళ్ళు: డాక్టరమ్మ గారు, మా ఆవిడ, నేను.

ఒంటి మీద ఎర్రమచ్చలు వస్తే ఏళ్ళ తరబడి తామరన్నారు, ఎలర్జీ అన్నారు. రాసిచ్చిన పూతమందులన్నీ పూశాను. చివరికి చర్మం ముక్క తీసి పరీక్షిస్తే, చర్మంలోనే పుట్టే అరుదైన లింఫోమా, అంటే ఒక రకం కేన్సర్ అని తేలింది. రాజమండ్రిలో కరెంటు, అదే రేడియేషన్, పెట్టించుకున్నాను. ఆ మచ్చలు పోయాయి. ఇప్పుడు వీపు మీద కొత్తవి. ఈసారి బిళ్ళలు వాడుతూ, మందంగా ఉన్న మచ్చలకు మళ్ళీ కరెంటు పెడదామన్నారు డాక్టరమ్మ గారు.

"మొదటిది పనిచేయలేదనే కదండీ రెండోది?" అన్నాను విసుగ్గా.

"పెట్టినచోట పనిచేసిందండి. మిగతా చోట్లకి బిళ్ళలు. మళ్ళీ రాదని మాత్రం మాటివ్వలేను."

ఆలోచిస్తానని లేచొచ్చేశాను. బిళ్ళలు మా ఆవిడే కొని సంచిలో వేసుకుంది. వేసుకోనని ఆటోలోనే చెప్పేశాను.

రాత్రి భోజనం దగ్గర రేవు గుర్తొచ్చింది. నా చిన్నప్పుడు యానాం దగ్గర మా తాతయ్యకు చేపల పడవ ఉండేది. ఓ రోజు, గోదావరి సముద్రంలో కలిసే మొగ దాకా మర్నాడు నన్ను తీసుకెళ్తానన్నాడు. ముందు పడవను ఒడ్డున ఒరగబెట్టి, పురుగు తొలిచిన చోట ఎండు తాటాకుల మంట చూపించాడు. చెక్క నల్లబడగానే పని అయిపోయిందని గెంతాను. తాతయ్య నా చేతికి చిన్న కర్రిచ్చి, పడవంతా కొట్టి వినమన్నాడు. పైకి నున్నగా ఉన్న చోట కూడా డొల్లగా మోగింది.

"మంట కనబడిన పురుగుకిరా. కనబడని దానికి నూనె," అంటూ చేపనూనె డబ్బా తెచ్చాడు. నూనె ఇంకాలి, ఆరాలి. ప్రయాణం లేదు. నేను ఏడుపు అందుకున్నాను.

"అంత తొందరైతే ఈదుకుంటూ పో," అన్నాడు, గుడ్డపేలిక నా చేతిలో పెడుతూ. ముక్కు చీదుకుంటూనే పడవ అడుగంతా పూశాను. ఆ వాసన చేతులకు ఎన్నాళ్ళో పోలేదు.

బుధవారం ఉదయం ఇడ్లీ తిన్నాక బిళ్ళలు అడిగాను. మా ఆవిడ నీళ్ళగ్లాసుతో వచ్చి, "మొహం అలా పెట్టారేంటండీ?" అంది.

కోపం తగ్గలేదు. నూనె పూసిన నాడు కూడా తగ్గలేదు. బిళ్ళ మింగాను.