ఆరు నిమిషాల ఫారాలు

ఎమ్మిగనూరు మగ్గాల ఇళ్లలో సర్వే చేసిన అమ్మాయిని, ఆమె చెప్పేది వినకుండానే, దొంగ ఫారాలు నింపావని పదిమందిలో అన్నాను. ఆ రోజు నేను చేసిన తప్పు అది.

అప్పుడు నేను ఆదోని ఆఫీసులో సూపర్‌వైజర్‌ని. ఫారం ఎప్పుడు తెరిచారో, ఎప్పుడు ముగించారో, ఎక్కడ కూర్చుని నింపారో ట్యాబే నమోదు చేస్తుంది. దాన్ని బట్టే పని నాణ్యత పరీక్షించేవాణ్ణి. ముప్పావుగంట పట్టే ఫారాలను ఆమె ఆరేసి నిమిషాల్లో ముగించింది. తొమ్మిది ఇళ్లవీ ఒకే చోటి నుంచి.

"ఇండ్లకు పోయినావా, టీ అంగడి కాడ కూర్చొని రాసినావా?"

"పోయినా సార్. ఒకసారి వచ్చి సూడండి."

"చూడాల్సింది ఈడే ఉంది" అంటూ స్క్రీను అందరివైపూ తిప్పాను. ఎవరో నవ్వారు. ఆమె ట్యాబ్ బల్లమీద పెట్టి వెళ్లిపోయింది.

ఆమెను తీసేయమని పైఆఫీసుకు రాశాను. ఒకటిరెండు ఇళ్లలో అడిగి రుజువు తెమ్మన్నారు, సాయంత్రానికి తేల్చేస్తామన్నారు. వెంటనే బస్సెక్కాను.

మొదటి ఇంట్లో పెద్దాయన గుంటమగ్గంలో కాళ్లు పెట్టి నేస్తున్నాడు. నేను అడిగినా చేయి ఆపలేదు.

"ఆ పాపనా? మొన్న పొద్దంతా మా వీధిలోనే ఉండె. ఆ ట్యాబు తీస్తే మాట్లాడేది లేదంటిమి. మా మాటలు దాంట్లో పడి యాడికి పోతాయో ఎవురికి తెలుసప్పా? నోటుబుక్కులో రాసుకునింది."

"పని ఆపి చెప్పమనలేదా?"

"ఆపితే నువ్వొచ్చి నేస్తావా? నేను నేస్తాంటే పక్కన కూసొని గంటసేపు అడిగింది. నువ్వు ఆఫీసులో కూసొని నిమిషాలు లెక్కపెడతాంటివా?"

లోపల ఆయన కోడలు పకపకా నవ్వింది. పక్కింట్లోనూ అదే మాట. జవాబులన్నీ పుస్తకంలో రాసుకుని, వీధి చివరి అరుగుమీద కూర్చుని ట్యాబులోకి ఎక్కించిందట. ట్యాబ్ చెప్పింది అబద్ధం కాదు. ఆమెను ఎందుకిలా అని అడిగి ఉంటే పుస్తకం చూపించేది. తప్పు పట్టానన్న సంబరంలో అడగలేదు.

నాలుగు దాటింది. ఆ వీధిలోంచే పైఆఫీసుకు ఫోన్ చేశాను. ఎవరూ ఎత్తలేదు. నా ఫిర్యాదు తప్పని, ఆమెను తీయవద్దని మెయిల్ రాశాను. మూడోసారి ఫోన్ చేస్తే ఎత్తారు. అప్పటికి ఉత్తర్వు టైపవుతోందట. ఆపారు.

మర్నాడు ఆమె గుర్తింపు కార్డు ఇచ్చేయడానికి వచ్చింది. ముందురోజు ఉన్నవాళ్లందరినీ పిలిచి, వాళ్ల ముందే క్షమించమన్నాను.

"నన్ను అన్నారు, సరే. రేపు ఇంకొకరిని అనకండి సార్" అంది.

ఆ పూటే ఫారం చివర ఒక ప్రశ్న చేర్పించాను: జవాబులు ముందు కాగితంమీద రాసుకున్నారా, ఎందుకు? ఆ తర్వాత తక్కువ నిమిషాల ఫారం కనిపిస్తే, పైకి రాయకముందే నింపినవాళ్లను పక్కన కూర్చోబెట్టుకుని అడిగాను.